ఇసకలో కట్టేసిన కారు

విశాఖపట్నంలో కారున్నవాళ్లు దాన్ని ఇంటి ముందు పెట్టుకుంటారు, లేదా పక్కింటివాడి గేటుకి అడ్డంగా పెట్టి తగువు తెచ్చుకుంటారు. పెదజాలరిపేట గురువులు మాత్రం తన కారుని సముద్రపు ఒడ్డున, పడవల వరసలో, ఇసకలో పెడతాడు. పెట్టి ఊరుకోడు. ముందు బంపరు కింద ఉన్న కొక్కేనికి నైలాను తాడు వేసి, ఆ తాడుని ఇసకలో దిగ్గొట్టిన మేకుకి కట్టేస్తాడు. ఎందుకయ్యా అంటే, "పోటొస్తే?" అంటాడు. పోటొచ్చి కారు కొట్టుకుపోయిన సంగతి మనం ఎవరమూ వినలేదు. కట్టెయ్యని పడవ కొట్టుకుపోయిన సంగతి ఆయనకి తెలుసు, ఆయనకి అది చాలు.

గురువులు చాలా ఏళ్లు మరబోటు మీద సరంగుగా చేశాడు. సరంగంటే బోటుకి పెద్ద. ఎటు తిప్పాలి, వల ఎక్కడ దించాలి, ఎప్పుడు ఒడ్డుకి మళ్లాలి అన్నదానికి ఆయన మాటే మాట. ఒకనాడు వల లాగే ఇనప తాడు తెగి ఎడమ మోకాలిని కొట్టింది. ఎముక అతుక్కుంది గానీ కాలు మళ్లీ మాట వినలేదు. ఊగే బోటు మీద నిలబడలేని సరంగుని ఎవరు పెట్టుకుంటారు? ఒడ్డున పడ్డాడు. చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, అన్నం పెడితే సగం వదిలేసేవాడు. ఒళ్లు బాగాలేదని కాదు. తను లేకుండా బోటు రోజూ వెళ్తోంది, రోజూ వస్తోంది. అది ఆయన తట్టుకోలేకపోయాడు.

అలాంటి రోజుల్లో భార్య ముసలమ్మ ఒక సాయంత్రం ఖాళీ గంపతో వచ్చి గడపలో కూలబడింది. ముసలమ్మ అన్నది అమ్మవారి పేరు. ఆవిడేమీ అంత ముసలిది కాదు, అలా అంటే ఊరుకోదు కూడా. హార్బరులో చేపలు వేలంలో పాడుకుని, కూర్మన్నపాలెం తీసుకుపోయి, స్టీల్‌ప్లాంటువాళ్ల ఇళ్లల్లో అమ్మడం ఆవిడ పని.

"ఆటోవోడు నన్ను గాజువాక నడిరోడ్డు మీద దించీసినాడయ్యా," అంది. "సేపల వాసనంట. పేసింజర్లు ముక్కులు మూసుకుంతన్నారంట."

గురువులు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. లేచి కూర్చున్నాడు.

"ఎవుడాడు? పేరు సెప్పు."

పేరు ముసలమ్మ చెప్పలేదు. ఆ పూట గురువులు కంచం నిండా తిని, ఆ పేరు తెలియని ఆటోవాణ్ణి కడుపు నిండా తిట్టాడు. కొద్దిరోజుల్లోనే బోటులో తన వాటా అమ్మేసి, ముసలమ్మ దగ్గర చేపలు కొనే ఒక రిటైరయిన ఆఫీసరుగారి పాత కారు కొన్నాడు. ఎడమకాలితో క్లచ్చి తొక్కలేడు గనక క్లచ్చి లేని కారు. ఆటోమేటిక్. గేర్లు అదే మార్చుకుంటుంది. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటి, ఇక చాల్లే అనుకుని అక్కడే ఆగిపోయి ఉంది.

ఆనాటి నుంచి గురువులు మళ్లీ సరంగయ్యాడు. గంపలు డిక్కీలోనూ వెనక సీటులోనూ ఎక్కించి, ముసలమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, "బయల్దేరదామేటి?" అని అడుగుతాడు. ఆవిడ ఊఁ అనాలి. అనకపోతే బండి కదలదు. తిరిగొచ్చాక బోటుని కడిగినట్టే కారుని కడుగుతాడు. బకెట్లతో సముద్రం నీళ్లు మోసుకొచ్చి పైనా, కిందా, చక్రాల లోపలా కొడతాడు. అంత ప్రేమగా కడిగించుకున్న కారు ఈ జిల్లాలో ఇంకోటి ఉండదు.

పొద్దున్నే ఇంజిను చల్లగా ఉండగా ఆయిలు పుల్లలు లాగి చూసుకుంటాడు. ఇంజినుకో పుల్ల, గేరుబాక్సుకో పుల్ల. రెంటి మీదా నూనె ఎప్పుడూ గీతల మధ్యనే ఉంటుంది. ఇంజిను నడుస్తుండగా మాత్రం దాని దగ్గర చెయ్యి పెట్టడు, ఇంకొకళ్లని పెట్టనివ్వడు. వయసులో ఉండగా బోటు ఇంజిను బెల్టు ఆయన కుడిచేతి వేళ్లు రెండు పట్టుకుపోయింది. అప్పటి నుంచి ఆయన బోటులో అదే చట్టం. కారులోనూ అదే.

ఈ మధ్య ఆ కారుకి జబ్బు చేసింది. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. కాస్త దూరం పోయి, వేడెక్కి, ఎత్తు తగిలిందా, ఇక చూడాలి. ఇంజిను గీ పెడుతుంది, చక్రాలకి ఆ సంగతే తెలియదు. తొక్కినకొద్దీ అరుపు పెరుగుతుంది, నడక తగ్గుతుంది.

ఒకరోజు ఎన్.ఏ.డి. ఫ్లైఓవరు మీద సగం ఎక్కి నిలబడిపోయింది. వెనక బస్సు, బస్సు వెనక లారీలు, అందరి హారన్లూ ఒక్కసారే. గురువులు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. ముసలమ్మ దిగి, డిక్కీ తెరిచి, కత్తిపీట వేసుకుని కూర్చుంది. "కోనాం, బాబూ, కోనాం! ఇప్పుడొచ్చిన బోటుది!" తిట్టడానికి స్కూటరు దిగిన పెద్దమనిషి కోనాం ముక్కలు కొట్టించుకుని వెళ్లాడు. బస్సు కండక్టరు రొయ్యలు బేరమాడాడు. బేరం తెగేదాకా బస్సులో ఎవరూ గొడవ చెయ్యలేదు, పైగా కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు తమకీ తూయమన్నారు. కారు చల్లారి కదిలేసరికి గంప సగం ఖాళీ.

"రోజూ ఇక్కడే ఆగితే కూర్మన్నపాలెం ఎల్లక్కర్నేదు," అంది ముసలమ్మ.

గురువులు నవ్వలేదు. కారు పోతే తన గతేమిటో ఆయనకి తెలుసు. చాప ఇంకా ఇంట్లో గోడవారనే చుట్టి ఉంది. దాన్ని చూస్తేనే ఆయనకి భయం వేసేది. ఆ భయం మాత్రం ఎవరితోనూ అనలేదు.

జబ్బేమిటో తేల్చడానికి ఒడ్డున పంచాయితీ కూర్చుంది. దానికి పెద్ద ఎల్లాజీ. గురువులు బోటులో వల లాగిన పాత కళాసీ, వరసకి బావ.

"ఇంజిను తిరుగుతంది, బండి ఎల్లట్నేదు. అంతేనా?" అన్నాడు ఎల్లాజీ.

"అంతే."

"మరింకేటి బావా! ఫ్యానుకి వల సుట్టుకుంది."

బోటు అడుగున నీళ్లని తోసే రెక్కల్ని వీళ్లు ఫ్యానంటారు. దానికి వల చుట్టుకుంటే ఇంజిను అరుస్తుంది, బోటు కదలదు. కారుకి అడుగున ఫ్యాను ఉండదని చెప్పగలిగినవాళ్లు ఆ గుంపులో ఎవరూ లేరు. ఉన్నా చెప్పనిచ్చేవారు కాదు. నలుగురు ఇసక తవ్వి కారు కిందికి దూరారు. కాసేపటికి ఎల్లాజీ కేక పెట్టాడు. చేతిలో నిజంగానే వల ముక్క! వెనక చక్రం ఇరుసుకి చుట్టుకుని ఉంది. వలల మధ్య కాపురం ఉన్న కారుకి వల చుట్టుకోక పట్టుచీర చుట్టుకుంటుందా? అయినా రోగం కుదిరినట్టే అందరూ సంబరపడ్డారు. కారుకి కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు అది మళ్లీ అదే ఎత్తులో అదే కేక పెట్టింది.

ఆ అవస్థలోనే గురువులు ఒక సంగతి కనిపెట్టాడు. ముందుకి ఎక్కని బండి వెనక్కి ఎక్కుతోంది. రివర్సులో వేస్తే ఎంత ఎత్తయినా పట్టుకుని పాకుతోంది. జబ్బు ముదిరి, చల్లటి ఇంజినుతో కూడా ఎత్తు ఎక్కడం మానేశాక, ఇక చూసుకోండి. రోజూ పొద్దున్నే ఒడ్డు నుంచి పెద్ద రోడ్డుకి ఎక్కే ఏటవాలు సందులో కారు వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. గురువులు మెడ వెనక్కి తిప్పి నడుపుతుంటే, ముసలమ్మ సముద్రం వైపు చూస్తూ, దేవుడి పల్లకీలో కూర్చున్నట్టు కదలకుండా కూర్చునేది. ఇదేదో మొక్కు అనుకుని ఒకావిడ ఎదురొచ్చి హారతి కూడా ఇచ్చింది. సందు చివర ట్రాఫిక్ కానిస్టేబులు ఆపాడు.

"వస్తున్నావా, వెళ్తున్నావా?"

"ఎల్తన్నాను బాబూ."

"మరి మొహం అటుందేంటి?"

"మొకం బండిది బాబూ. ఎల్తంది నాను."

కానిస్టేబులు కారు చుట్టూ తిరిగి చూశాడు. బండి ఎడం పక్కనే ఉంది, పోవాల్సినవైపే పోతోంది. రాంగ్ రూటు అని రాయాలంటే ఏది రాంగో ఆయనకి తోచలేదు. పొమ్మన్నాడు.

షెడ్లకీ తిప్పారు. మొదటి షెడ్డువాడు, మాకు ఆటోమేటిక్ తెలియదు, తుక్కుకిచ్చెయ్యండి అన్నాడు. రెండోవాడు బానెట్టు తెరవకుండానే ఆ మాట అన్నాడు. గురువులు సరేనని తలొంచుకున్నాడు. కరివేపాకు రెబ్బ దగ్గర కూడా గీసి గీసి బేరమాడే ముసలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఇంకొక్కడికి సూపిద్దాం. కోటవీధిలో హమీదు భాయ్ ఉన్నాడంట. ఆడూ అదే మాటంతే అప్పుడు సూద్దాం," అంది. ఈవిడకి ఈ తుక్కు మీద ఇంత మమకారం ఎప్పటి నుంచో గురువులుకి అర్థం కాలేదు.

కోటవీధి పాతపట్నంలో ఉంది, అక్కడా ఎత్తే. ఆనాటి చేపల గంపలతో బీచి రోడ్డంతా బుద్ధిగా వచ్చిన కారు ఆఖరి మలుపులో చతికిలబడింది. సందు ఇరుకు, వెనక్కి తిప్పే చోటు లేదు. కూడా వచ్చిన ఎల్లాజీ హార్బరుకి కబురంపి మనుషుల్ని దింపాడు. తాడు కట్టి, పడవని ఒడ్డుకి లాగేటప్పటి కేకలు వేస్తూ, అందరూ ఒక్క ఊపున లాగారు. షెడ్డులో చాయ్ తాగుతున్న అబ్దుల్ హమీద్ తలెత్తి చూసేసరికి, పాతికమంది కేకల మధ్య ఒక కారు, దానికి ఇటు పిల్లులు, అటు పిల్లులు. చేపల వాసనకి కోటవీధి పిల్లులన్నీ ఊరేగింపులో కలిశాయి.

హమీద్ ఆటోమేటిక్ గేరుబాక్సులు తప్ప వేరేవి ముట్టడు. గడ్డం నెరిసిన మనిషి, నెమ్మది మనిషి. జరిగిందంతా విన్నాడు. వల ముక్క సంగతి కూడా నవ్వకుండా విన్నాడు.

"అన్నా, ఆయిలు చూసుకుంటున్నారా?"

"రోజూ సూత్తన్నాను భాయ్. ఫుల్లుగుంతాది."

"ఇంజిను ఆపి చూశారా, నడుస్తుండగానా?"

"నడుత్తుండగా ఎవుడైనా సూత్తాడేటి!"

హమీద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "అదే తప్పు. దీని నూనె ఇంజిను ఆపితే కిందికి జారిపోయి ఎక్కువ కనిపిస్తుంది. అసలెంతుందో తెలియాలంటే ఇంజిను నడవాలి, వేడెక్కాలి, అప్పుడు లాగాలి పుల్ల," అంటూ తాళం తిప్పి, బానెట్టు వైపు నడిచాడు.

గురువులు కుంటుకుంటూ అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. "ఒద్దు భాయ్. రన్నింగు ఇంజిన్లో సెయ్యి పెట్టనివ్వను."

"అన్నా, నేను రోజూ పెడతాను."

"రోజూ పెట్టినోడినే రోజు సూసి పట్టుకుంతాది," అని మూడు వేళ్ల చెయ్యి చూపించాడు.

హమీద్ బతిమాలాడు. ఎల్లాజీ బతిమాలాడు. గురువులు ఇంజిను ఆపి తాళం మొలలో దోపుకున్నాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఇంజిను మళ్లీ స్టార్టు చేసి, కారు తాడు విప్పి, ఒక కొస హమీద్ నడుముకి కట్టి, రెండో కొస తను చుట్టుకుని కాలు దన్ను పెట్టి నిలబడ్డాడు. సముద్రంలో మనిషిని దించితే తాడు పట్టుకునే పద్ధతి అది. ఇంజిను మనిషిని పట్టుకుంటే, తను లాగేస్తాడు. కోటవీధి పరువున్న మెకానిక్కు, నడుముకి తాడుతో, చుట్టూ పిల్లులతో, సొంత షెడ్డులో బానెట్టు ముందు వంగాడు. ఎదురు మేడ మీంచి ఆడవాళ్లు చూస్తున్నారు. "యా అల్లా," అనుకుంటూ పుల్ల లాగాడు.

లాగాడో లేదో గురువులు తాడు గుంజాడు. హమీద్ వెనక్కి ఎల్లాజీ మీద పడ్డాడు. అయినా పుల్ల చేతిలోనే ఉంది.

పుల్ల కొసన ఒక్క చుక్క అంటుకుంది, అంతే. గీతలకి ఎక్కడో కింద.

"నూనె లేదు," అన్నాడు హమీద్, దుమ్ము దులుపుకుంటూ. "వేడెక్కి ఎత్తెక్కేసరికి లోపల ఇంజిను ఊపుని చక్రాలకి అందించే పళ్లేలకి పట్టు దొరకడం లేదు. రివర్సులో ప్రెషరు ఎక్కువ పెడుతుంది, అందుకని ఆ మాత్రం ఎక్కింది. ఇక ఆ పళ్లేలు బతికున్నాయా, మాడి చచ్చాయా అన్నది చూడాలి. చస్తే మాత్రం నేనూ తుక్కనే చెబుతాను."

ఆ సంగతి నూనె వాసన చెబుతుంది. హమీద్ తెల్లగుడ్డకి పుల్ల తుడిచి వాసన చూశాడు. చేపలు. బయటికెళ్లి చూశాడు. చేపలే. ముక్కుకి అత్తరు రాసుకుని చూశాడు. అత్తరు పూసిన చేపలు. ఈ కారులో దేన్ని వాసన చూసినా అదే వచ్చేలా ఉంది. ముసలమ్మ ఆ గుడ్డ అందుకుంది. చేపల వాసన ఆవిడకి ఒక వాసన కింద లెక్క కాదు, కాబట్టి మిగిలిందేదో ఆవిడకి తెలిసింది.

"మాడు వాసనుంది. కానీ మూకుడు మాడిపోయిన వాసన కాదు భాయ్, అప్పుడే అడుగంటుతున్న వాసన. దించీయొచ్చు."

హమీద్ ముఖం విప్పారింది. "అయితే బతికే ఉన్నాయి."

గురువులు ఊపిరి తీసుకున్నాడు. కానీ నూనె ఏమైంది? గురువులు ఇంజిను ఆపి తాళం మళ్లీ మొలలో దోపుకున్నాక, కారుని గొయ్యి మీదికి నెట్టి, కింది నుంచి గేరుబాక్సు అడుగు రేకు విప్పారు. చాంబరంటారు దాన్ని. హమీద్ దాన్ని బల్ల మీద పెట్టి గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. పక్క అంచున చీమతల అంత చిల్లు. నిలబెట్టినప్పుడల్లా నూనె అక్కడి నుంచి చెమరుస్తోంది. సిమెంటు నేల అయితే మరక కనిపించేది. ఇసక తాగేసింది. హమీద్ ఆ తుప్పు నాలిక్కి తగిలించుకున్నాడు.

"ఉప్పు! కారుని దేంతో కడుగుతున్నారన్నా?"

సముద్రం నీళ్లతోనని ఎల్లాజీ చెప్పాడు.

"రోజూనా?" అన్నాడు హమీద్. "ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఎండుచేప చేసి అమ్ముకునేవారు."

అందరూ నవ్వారు. హమీద్ చాంబరుకి అతుకు వేయించి, కొత్త నూనె పోస్తానన్నాడు. ఉప్పునీళ్లు తగలకుండా చూసుకుంటే బండి బతుకుతుందని కూడా అన్నాడు. గురువులు చెవికి ఇవేవీ ఎక్కలేదు. రోగం పెట్టింది తనే. సరంగుననుకుంటూ రోజూ కడిగి కడిగి చంపింది తనే. ఇక ముసలమ్మ తన చేతికి తాళం ఎందుకిస్తుంది? ఎవరి మొహమూ చూడలేక, తనే చూస్తానంటూ గొయ్యిలోకి దిగి, విప్పిన గేరుబాక్సు కింద నిలబడ్డాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు. నెత్తి మీద నూనె చుక్కలు పడుతుంటే నిలబడ్డాడు.

పైన హమీద్ నమాజుకి వెళ్లాడు, ఎల్లాజీ మనుషుల్ని తీసుకుని చాయ్‌కి వెళ్లాడు. గురువులూ వాళ్లతోనే వెళ్లాడనుకుంది ముసలమ్మ. అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. వాళ్ల పేటవాడే, అబ్బులు. చేపలు పాడవకుండా కూర్మన్నపాలెం చేర్చడానికి ముసలమ్మ వాడికి ఫోను చేసింది.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చేనా అత్తా!" అన్నాడు అబ్బులు గంపలు ఎత్తుతూ. "నీకేటి తక్కువ సేసినాను? రోజూ ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకునీవోణ్ని. ఒక్కనాడైనా సేపల వాసనన్నానేటి?"

"మెల్లగా మాటాడరా. నువ్వేటనేదు. నువ్వే కాదు, నన్ను ఏ ఆటోవోడూ దించనేదు."

"మరి గాజువాకలో...?"

"అబద్దమాడినాను. కాలిరిగిన కాణ్నించి గోడకేసి తిరిగి తొంగున్నాడురా ఆ మనిసి. ముద్ద దిగీది కాదు. ఏదోటి సేతిలో పెట్టి నడుపుకోమనకపోతే నాకు దక్కడనిపించింది. నువ్వు నడుపు, నాను కూకుంతానంతే లేత్తాడేటి? కోపమొత్తే లేత్తాడు. అందుకని కోపం తెప్పించినాను."

అబ్బులు ఎత్తిన గంప మళ్లీ కింద పెట్టాడు. తర్వాత, "మావ నా ఎదురుగానే ఆ ఆటోవోణ్ని ఎన్ని తిట్లు తిట్టినాడత్తా!" అన్నాడు. "నానూ కలిసి తిట్టినాను."

ఆటో గంపలతో వెళ్లిపోయింది. సాయంత్రానికి ఇళ్లకి తనే ఇచ్చి వస్తానన్నాడు వాడు. గురువులు గొయ్యిలోంచి మెట్టు మెట్టు పట్టుకుని పైకొచ్చాడు. ముఖమంతా నూనె, కళ్ల కింద మాత్రం రెండు చారలు. ముసలమ్మ గతుక్కుమంది.

"కిందే ఉన్నావేటి? ఇన్నావేటి?"

"ఇంజిను సౌండులో ఏటి ఇనబడతాది," అన్నాడు గురువులు.

ఇంజిను ఆపి చాలాసేపయింది. గేరుబాక్సు కింది రేకు బల్ల మీద ఉంది, తాళం గురువులు మొలలో ఉంది. షెడ్డులో పిల్లి నడిస్తే వినిపిస్తోంది. ముసలమ్మ బల్ల వైపు చూసింది, ఆయన మొల వైపు చూసింది. పైట కొంగుతో ఆయన ముఖం తుడుస్తూ, "అవునయ్యా," అంది. "పాడు సౌండు."